దేవుడమ్మకి పదికి పది

పది ప్రశ్నలకి పది అబద్ధాలు చెప్పి బయటికొచ్చిన కాంతయ్య వరండాలో బెంచీ మీద కూర్చుని, ఈ చెమట ఆగస్టు ఎండకి పట్టిందే తప్ప భయానికి కాదని తనకి తనే నచ్చజెప్పుకుంటున్నాడు. పక్కన దేవుడమ్మ రెండు కాళ్ళూ బెంచీ మీదికి లాక్కుని ఆవలిస్తోంది. ఆమె బుర్ర బాగుందో లేదో లోపల ఇద్దరు దొరలూ ఒక దొరసానీ తేలుస్తున్నారు, ఆమెకి మాత్రం పొద్దున్న గంజిలో ఉప్పు తక్కువైందన్న బాధ తప్ప మరో బాధ లేదు. బాగుందని తేలిస్తే ఈ మధ్యాహ్నమే, గేటు బయట కాచుకున్న కూతురు లెచ్చుమితో కలిసి రబ్బరు తోట లారీ ఎక్కి ఇంటికి పోతుంది, ఆరేళ్ళుగా చూడని ఇంటికి, ఒక్కసారీ చూడని మనవడి దగ్గరికి. తేల్చకపోతే, తేల్చకపోతే అంతే, ఎందుకంటే బుర్రలు కొలిచే బొమ్మల మిస్సీ శుక్రవారం పినాంగులో ఓడెక్కుతోంది, ఆమె వెనక బాగన్ దాతుక్ రోడ్డులోని ఈ సర్కారు పిచ్చాసుపత్రికి మరొకరు రారు, కొలవనిదే ఎవరినీ వదలరు. బుర్ర బాగున్నవాడు కూడా ఇక గోడకి ఇవతలే ముసలివాడైపోవాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చే మెర్డెకాకి ఇంకా పది రోజులుంది. దేశాన్ని వదిలిపోవడానికి దొరలు దేశానికి ఏ పరీక్షా పెట్టలేదు కదా, ఈ ఒక్క ముసల్దాన్ని వదలడానికి ఇన్ని పరీక్షలా, అనుకున్నాడు కాంతయ్య. అనుకుని, కొంపదీసి పైకి అనేశానా అని అటూ ఇటూ చూశాడు.

"ఏట్రా కాంతయ్యా, అలగ సూత్తావు? నీ ఒళ్ళు బాగునేదా?" అంది దేవుడమ్మ.

"బాగుంది అత్తా. నువ్వు ఊరికే కూకో."

"కూకునే ఉన్నాను గదరా, ఆరేళ్ళనుండీ."

బొమ్మల మిస్సీ అసలు పేరు మిస్ టిండాల్. రెండేళ్ళ కిందట ఆమె వచ్చిన రోజున పెద్ద డాక్టరు ఎదురొచ్చి, అమ్మా నువ్వు ఏం చేస్తావు అని అడిగాడు. మనసు కొలుస్తానంది. బాగుంది, ముందు మన బరువు చూసే మిషను చెడిపోయింది, దాని సంగతేమైనా తెలుసా అన్నాడు. అక్కడినుంచీ ఆమె బతుకు అలాగే నడిచింది. గది కావాలంటే దుప్పట్లు పెట్టే కొట్టు ఇచ్చారు. ఎవడైనా రోగి గొంతు పెగుల్చుకుని, చచ్చిపోయిన తమ్ముడి సంగతి మొదటిసారి చెప్పబోయే వేళకి సరిగ్గా ఆయా తలుపు తోసుకొచ్చి, నాలుగు దుప్పట్లు అని చెయ్యి చాపేది. వాడు తమ్ముణ్ణి మింగేసి నోరు మూసుకునేవాడు. సూదిమందు రెండు నిమిషాల్లో చేసే పనికి ఈ అమ్మాయి రెండు గంటలు కబుర్లాడుతుందేమిటని చిన్న డాక్టర్లు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటూనే, తమకి అంతుబట్టనివాళ్ళనీ, ఎదురు చెప్పేవాళ్ళనీ, ఆదివారంనాడు గొడవచేసేవాళ్ళనీ అందరినీ ఆమె కొట్లోకి తోసేవాళ్ళు. మంగళవారం మంగళవారం బస్సెక్కి సుంగై పెటాని దాకా పోయి అక్కడివాళ్ళ బుర్రలు కూడా ఆమే కొలవాలి. ఇంకొక మనిషిని ఇయ్యండని ఆమె రాసిన కాగితం ఇపో పట్నం వెళ్ళింది, కౌలాలంపూరు వెళ్ళింది, సముద్రం దాటి లండను వెళ్ళింది. అక్కడెవరో "ఒకరు చాలరా?" అని రాసిపంపారు. ఆ రెండు మాటలు వెనక్కి రావడానికి పదకొండు నెలలు పట్టింది.

ఇక ఆ బొమ్మలు. కాంతయ్యకి ఆ బొమ్మలంటే ఒళ్ళుమంట. ఇంటి మీద తెల్లగా ఏదో రాలుతున్న బొమ్మ చూపించి ఇదేమిటి అని అడగాలి. మంచు అనాలట. ఈ దేశంలో మంచు ఎవడు చూశాడు? పంచదార అన్నవాడికి సున్నా, దూది అన్నవాడికి సున్నా, దోమలమందు అన్నవాడికి సున్నా. చలిమంట గూటి ముందు కుర్చీ వేసుకుని ఒంటరిగా కూర్చున్న ముసలి దొర బొమ్మ చూసి మునియాండి అనే తమిళ కుర్రాడు గోల పెట్టేశాడు, ఇంట్లో నిప్పంటుకుంటే వీడు లేవడేమిటి, వీడికి పిచ్చా అని. మిస్సీ దానికి "కారణం లేని భయం" అని రాసుకుంది. బొమ్మలో దొరకి పిచ్చని చెప్పినవాడు లోపలే ఉండిపోయాడు. ఆ రోజు కాంతయ్య ఇంటికెళ్ళి అన్నం తినలేదు. మూడో తరగతితో బడి మానేసి పాలకర్ర తోటలో, అంటే రబ్బరు తోటలో, కలుపు పీకడానికి పోయిన మనిషికి ఇవన్నీ ఎందుకు అర్థమవుతున్నాయి, పెద్ద చదువులు చదివి ఓడెక్కి వచ్చినవాళ్ళకి ఎందుకు అర్థం కావడం లేదు అని, పెళ్ళాంతో పోట్లాట పెట్టుకున్నాడు. ఆమె, మలాయీవాళ్ళలాగా మాట చివర "లా" తగిలించి, "నీకు తెలిసింది ఆళ్ళకి సెప్పు లా, నాకెందుకు సెప్తావు," అంది. చెప్పడానికి అతను ఎవరు? వార్డు అటెండరు. తెలుగూ తమిళమూ మలాయీ ఇంగ్లీషులోకి మార్చి అందించే మనిషి, నీళ్ళ గొట్టం లాంటివాడు. గొట్టాన్ని నీళ్ళు ఎలా ఉన్నాయని ఎవరడుగుతారు?

కాని రెండేళ్ళు గొట్టంలోంచి అవే నీళ్ళు పారితే గొట్టానికీ రుచి తెలుస్తుంది. మిస్సీ పుస్తకం అతనికి కంఠతా వచ్చేసింది. ఏ ప్రశ్నకి ఏ జవాబు చెప్తే ఆమె పెన్సిలు కుడిపక్కకి పోతుందో, ఏది చెప్తే ఎడమపక్కకి పోతుందో, ఆమె నోరు విప్పకముందే తెలిసిపోయేది. ఆమె మంచిదే, అది కాదనడానికి లేదు. అతన్ని పేరు పెట్టి పిలిచిన దొరసాని ఈ ఆసుపత్రిలో ఆమె ఒక్కతే. దేవుడమ్మ పేరు జాబితాలో లేకపోయినా, ఓడెక్కేలోగా ఒక్కసారి చూడమని అతను బతిమాలితే కాదనకుండా చూసింది.  అంత మంచిదాని కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పాడు, ఒకటి కాదు, పది.

ఒక్కటి మాత్రం మిస్సీకి తెలీదు. ఈ దేవుడమ్మని ఇక్కడికి పంపింది కాంతయ్యే.

అది యాభై ఒకటిలో. ఇపో అవతల కొండవార రబ్బరు తోట. అడివిలో కమ్యూనిస్టులు, వాళ్ళకి తిండి చేరకుండా తోట చుట్టూ ముళ్ళకంచె, బియ్యానికి కొలత, గేటు దగ్గర తనిఖీ. కాంతయ్య అప్పుడు తోట ఆసుపత్రిలో డ్రెస్సరు చేతికింద కట్లు కట్టేవాడు. దేవుడమ్మ మొగుడు, అప్పడు అనేవాడు, పోయి నాలుగేళ్ళయింది. చనిపోయినవాళ్ళకి ఏటా ఆ తిథికి ఆకులో అన్నం పెట్టడం తోటలో ఎవరికీ కొత్త కాదు. కాని కంచె వచ్చాక అందరూ తెలివి తెచ్చుకుని ఇంటి చూరు మీద పెట్టుకుంటున్నారు. దేవుడమ్మ ఒప్పుకోలేదు. "బతికున్నప్పుడే ఇంటికి రానోడు, సచ్చినాక సూరెక్కుతాడేటి?" అని కంచె కింద చెయ్యి దూర్చి, బయట అరిటాకేసి, బువ్వా ఎండుచేపా చిప్పలో కల్లూ పెట్టింది. పోలీసులు పట్టుకున్నారు. ఎవరికి? మా ఆయనకి. ఎక్కడున్నాడు? ఆమె కొండకేసి వేలు చూపించింది. శ్మశానం కొండ మీదే మరి. కొండ మీద ఇంకెవరున్నారో పోలీసులకి తెలుసు, తోటకి తెలుసు, మేకలకి కూడా తెలుసు. ఇంగ్లీషు నాలుగు ముక్కలొచ్చినవాడని కాంతయ్యని పిలిచారు. అక్కడ నిలబడి అతను వెతుక్కున్నాడు, ఇది మా ఆచారం దొరా అని చెప్పడానికి. ఆ ముక్కకి అతని దగ్గర ఇంగ్లీషు లేదు. ఆసుపత్రిలో పనిచేసేవాడు కదా, జ్వరానికి ఉంది, విరేచనాలకి ఉంది, పిచ్చికి ఉంది. "పిచ్చి సార్," అన్నాడు. జైలో, ఇండియాకి వెళ్ళగొట్టే ఓడో తప్పింది. తప్పి ఇక్కడ పడింది. తెలుగు తెలిసినవాడొకడు తోడుండాలని కాంతయ్యని కూడా అదే లారీలో ఎక్కించారు, ఇక్కడ మనిషి కొరతగా ఉందని ఉండిపొమ్మన్నారు. ఒకే లారీ, ఒకే బల్ల మీద కూర్చుని వచ్చారు. దిగాక ఆమెని కుడివైపు గుమ్మంలోకీ ఇతన్ని ఎడమవైపు గుమ్మంలోకీ పంపారు, అంతే తేడా.

ఆ అప్పడు కూడా ఎలాంటివాడని! తాగి ఆమెని కొట్టేవాడు, ఆమె తిరిగి కొట్టేది, మర్నాడు ఇద్దరూ కట్లకోసం ఒకరి వెనక ఒకరు డ్రెస్సరు దగ్గర వరసలో నిలబడేవాళ్ళు. ఇలాంటివాడికా అంత బువ్వ, అంత చేప? ఇంతలో వరండా చివర కుట్టుగదిలోంచి మిషన్ల మోత. మెర్డెకాకి ఆసుపత్రి మీద ఎగరేయడానికి రోగులచేత కొత్త జెండాలు కుట్టిస్తున్నారు. నక్షత్రానికి పదకొండు కోణాలుండాలట. నిన్న చూస్తే ఒకదానికి తొమ్మిది ఉన్నాయి, ఒకదానికి పధ్నాలుగు. పధ్నాలుగు కోణాలు కుట్టినవాణ్ణి ఎందుకయ్యా ఇన్ని అంటే, దేశం పెరుగుతుంది కదా, అప్పుడు మళ్ళీ ఎవరు కుడతారు అన్నాడు. వాడి బుర్ర కొలిస్తే ఎంతొచ్చిందో, కాంతయ్యకి గుర్తు లేదు. గోడ గడియారం పదిన్నర. లోపల ఎవరో దగ్గారు. ఆ దగ్గు పోలీసు దొరది. కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ కాగితం మీద వచ్చిన మనిషి గనక ఆమెని వదలడానికి ఆయన సంతకం కూడా కావాలి.

పొద్దున్న జరిగింది ఇదీ. మిస్సీ పుస్తకం తెరిచి అడిగింది, ఆకలితో ఉన్న పరాయివాడు నీ గుమ్మంలోకి వస్తే ఏం చేస్తావు? కాంతయ్య తెలుగు చేశాడు. దేవుడమ్మ తడుముకోలేదు. "తలుపేసేత్తాను. గొళ్ళెం ఎట్టేసి, కానిస్టేబులూ కానిస్టేబులూ అని కేకలేత్తాను. పిడికిడు బువ్వెట్టినావంటే జైలే లా." పుస్తకంలో ఉన్న జవాబు, అన్నం పెడతాను. పెట్టనన్నవాడికి సున్నా, పైగా సాటి మనిషి మీద జాలి లేదని పక్కన ఒక గీత. దారిలో ఎవరిదో సంచి పడి ఉంటే? తీసి సొంతదారుని వెతుకుతాను అనాలి. "ముట్టుకుంటానేటి? ఎనక్కి తిరిగి లగెత్తుతాను. బాంబుంటే సత్తాను, కాయితాలుంటే ఉరేత్తారు." రోజంతా నడిచే పని మీద పోతూ ఏం పట్టుకెళ్తావు? అన్నమూ నీళ్ళూ అని పుస్తకం. ఐసీ, అదే గుర్తింపు కార్డు, అని దేవుడమ్మ. ఇంకా? "ఇంకేటీ ఒద్దు. గేటుకాడ మూట్లో మెతుకు కనిపిత్తే నిన్నూ నన్నూ ఇద్దర్నీ అట్టుకుపోతారు." మనుషులు కంచెలు ఎందుకు వేస్తారు? పశువులు లోపలికి రాకుండా అని లండనులో అచ్చేసినవాడి ఉద్దేశం. "మనం బయటికి పోకుండా," అని దేవుడమ్మ, ఈపాటి తెలీదేటి ఈ పిల్లకి అన్నట్టు మిస్సీని జాలిగా చూసింది.

 తోటలో పదేళ్ళ పిల్లవాణ్ణి అడిగినా ఇవే చెప్తాడు, ఇలా చెప్పనివాడు తోటలో బతకడు. కాని పుస్తకం లెక్కన పదికి సున్నా. దాంతో అతని నాలుక అతన్ని అడక్కుండానే పని మొదలుపెట్టింది. ఆమె కానిస్టేబులంటే ఇతను అన్నం పెడతానని అందన్నాడు. లగెత్తుతానంటే సొంతదారుని వెతుకుతానని అందన్నాడు. ఆరో ప్రశ్నకి వచ్చేసరికి మిస్సీ కళ్ళు మెరిశాయి, రెండేళ్ళలో ఇంత చక్కటి మనసు చూడలేదంది. ఎనిమిదో ప్రశ్నకి కాంతయ్యకే ఒక రకం గర్వం వచ్చి, పుస్తకంలో లేని మంచితనం కూడా కాస్త కలిపాడు. ఇందాకటి పరాయివాడికి అన్నంతోపాటు పడుకోడానికి చాప కూడా వేస్తానందని తగిలించింది అక్కడే. అనవసరంగా వేశాడు ఆ చాప. ఆ చాప దగ్గరే ఇప్పుడు చెమట పడుతోంది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరినీ రమ్మన్నారు.

బల్ల వెనక పెద్ద డాక్టరు మధ్యలో, అటు మిస్సీ, ఇటు పోలీసు దొర. పెద్ద డాక్టరు ముఖం సంతోషంగా ఉంది, ఒక మంచం ఖాళీ అవుతుంది కదా. "పదికి పది," అన్నాడు. "ఇలాంటిది నేను వినలేదు. నాకే అన్ని రావు."

"నేనూ అదే అంటున్నాను," అన్నాడు పోలీసు దొర, కాగితం చేతిలోకి తీసుకుని. "ఆకలితో వచ్చిన పరాయివాళ్ళకి అన్నం పెడుతుందట. చాప వేసి పడుకోబెడుతుందట. దారిలో సంచులుంటే తీసి సొంతదారులకి అందజేస్తుందట. రోజంతా నడవడానికి అన్నం మూట కట్టుకుంటుందట. డాక్టర్, ఈమెకి పిచ్చి ఉందో లేదో మీ ఇష్టం. అడివిలో వాళ్ళకి సరుకు చేరవేసే మనిషిని మాత్రం నేను తోటకి పంపలేను. ఇలా ఇవ్వండి, మా దగ్గర ఉంచుకుంటాం."

కాంతయ్యకి గదిలో పంకా తిరగడం ఆగినట్టనిపించింది, అది తిరుగుతూనే ఉంది. ఆరేళ్ళ కిందట ఒక్క మాటతో పిచ్చాసుపత్రికి పంపాడు, ఇవాళ పది మాటలతో జైలుకి పంపుతున్నాడు, రెండుసార్లూ ఆమె మేలు కోరే. ఇక తను ఒక్కసారి ఆమె కీడు కోరితే గాని ఆమె బాగుపడదు కాబోలు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. గొట్టాన్ని ఎవరూ అడగరు. ఉద్యోగం ఉంటుంది, క్వార్టర్సు ఉంటుంది, పెళ్ళాం గోల ఉంటుంది. దేవుడమ్మ ఆ ముగ్గురి ముఖాలూ చూసి, "ఏటంతన్నారు? లారీ ఎలిపోద్దంట, బేగి తేల్చమను," అంది.

"సార్," అన్నాడు కాంతయ్య. "ఆ మాటలు ఆమెవి కావు. నావి."

"అంటే పరాయివాళ్ళకి చాప వేసేది నువ్వా?" అన్నాడు పోలీసు దొర, కుర్చీ ముందుకి లాక్కుని.

"చాప నాది సార్. మిగతావన్నీ మిస్సీ పుస్తకానివి."

మిస్సీ ముఖం చెవులదాకా ఎర్రబడింది. పోలీసు దొర పుస్తకం లాక్కుని నాలుగు పేజీలు తిరగేసి, ఇది రాసినవాడు మన జిల్లాలో ఉంటే ఈపాటికి లోపల ఉండేవాడు అన్నాడు. ఆమె నిజంగా ఏమంది అని అడిగాడు. కాంతయ్య ఒక్కొక్కటే ఒప్పజెప్పాడు, గొళ్ళెంతో సహా. కంచె దగ్గరికి వచ్చేసరికి పోలీసు దొర నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. "చట్టం నాకన్నా ఈమెకే బాగా వచ్చు. మరి ఆ రోజున కంచె బయట అన్నం ఎవరికి పెట్టింది?"

"చచ్చిపోయిన మొగుడికి సార్. అది పిచ్చి కాదు. పిచ్చి అని చెప్పింది నేనే. మా వాళ్ళందరూ పెడతారు. నేనూ ఏటా పెడతాను, మా నాన్నకి. క్వార్టర్సు చూరు మీద."

"ప్రభుత్వ క్వార్టర్సు మీదా?" అన్నాడు పెద్ద డాక్టరు, ఇప్పటిదాకా లేని కోపంతో. కాసేపు చూరు సంగతి నడిచింది. తరవాత ఆయన, ఈ మనిషి అబద్ధమాడాడు గనక రిపోర్టు చెల్లదు, పరీక్ష మళ్ళీ పెట్టండి అన్నాడు. మిస్సీ, ఒకసారి పెట్టిన పరీక్ష ఆర్నెల్ల దాకా పెట్టకూడదని నియమం, ఆర్నెల్లకి నేనుండను అంది. మీ తరవాత ఎవరు? ఎవరూ లేరు. కొత్త ప్రభుత్వం వేస్తుందేమో. ఎప్పుడు? ఆ కాగితం ఇంకా ఇపో చేరలేదు. సరే, ఈ పుస్తకం, ఈ బొమ్మలు, ఈ మార్కులు వేసే పద్ధతి తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?  మిస్సీ కాంతయ్యకేసి చూసింది. కాంతయ్య పంకాకేసి చూశాడు.

"ఇతనా?" అన్నాడు పెద్ద డాక్టరు. "మూడో తరగతి. అబద్ధాలకోరు."

"పుస్తకంలో ఏ జవాబు సరైనదో ఇతనికి తెలుసు," అంది మిస్సీ. "బయట ఏ జవాబు సరైనదో కూడా తెలుసు. నాకు మొదటిదే తెలుసు. రెండేళ్ళలో ఎంతమందికి సున్నా వేశానో ఇప్పుడు తలుచుకోవాలంటే భయంగా ఉంది." పెన్సిలు తీసి, కాగితం మీద పాత అంకెలు కొట్టేసి, పెన్సిల్నీ కాగితాన్నీ కాంతయ్య ముందుకి తోసింది. "మీరు వెయ్యండి, మిస్టర్ కాంతయ్య."

అతన్ని ఎవరూ మిస్టరు అనలేదు ఇంతవరకూ. సోమవారంనుంచి దుప్పట్ల కొట్లో కూర్చో, జీతం పెరగదు, వార్డు పని కూడా చూసుకో, మంగళవారం సుంగై పెటాని, అంటున్నాడు పెద్ద డాక్టరు ఎక్కడో దూరంనుంచి. ఈమె మళ్ళీ కంచె దగ్గర దొరికితే మేం ముందు వచ్చేది నీ ఇంటికే, గుర్తుంచుకో, అంటున్నాడు పోలీసు దొర, నవ్వు మానేసి. కాంతయ్య పెన్సిలు అందుకున్నాడు. బొమ్మలో దొరని పిచ్చివాడన్న మునియాండి, జెండాకి పధ్నాలుగు కోణాలు కుట్టినవాడు, పంచదార అన్నవాళ్ళు, దూది అన్నవాళ్ళు, అందరూ వరసకట్టి కొట్టు బయట నిలబడి ఉన్నట్టనిపించింది. ఒక్కొక్క ప్రశ్న పక్కనా నిదానంగా ఒక్కొక్క మార్కు వేశాడు. పదికి పది. కింద సంతకం చేయమన్నారు. ఇంగ్లీషులో చేయబోయి ఆగి, నాన్న బొగ్గుముక్కతో తోట కూలీల లైను ఇంటి గోడ మీద నేర్పిన తెలుగు అక్షరాల్లో చేశాడు, వంకర టింకరగా. పెద్ద డాక్టరు దాన్ని తలకిందులుగా తిప్పి చూసి, తన ముద్ర కొట్టాడు. పోలీసు దొర కూడా కొట్టాడు.

వరండాలోకి వచ్చాక కాంతయ్య ఆ పెన్సిలుతోనే బెంచీ మీద కూర్చున్నాడు. దేవుడమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏటి రాసినావురా ఆ కాయితంలోన? పెన్సిలు అలగే అట్టుకొచ్చీసినావు."

"నీ బుర్ర బాగుందని రాసినాను అత్తా. ఇంటికెలిపోవొచ్చు. లెచ్చుమి గేటుకాడుంది."

ఆమె మూట చంకన పెట్టుకుని, రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"మరి నీది బాగుందని ఎవులు రాసినార్రా, కాంతయ్యా?"